హనుమకొండ ఇంట్లో ఫుల్ సైజ్ స్నూకర్ టేబుల్ ఎలా పెట్టుకున్నానంటే

ఇంట్లో స్నూకర్ టేబుల్ పెట్టుకోవాలని మనసులో పడగానే అందరూ టేబుల్ కోసం వెతకడం మొదలుపెడతారు. నన్నడిగితే ముందు ఒక క్యూ, అంటే బాల్‌ను కొట్టే కర్ర, సంపాదించండి. స్నూకర్ పార్లర్‌లో ఆడే కుర్రాణ్ణి ఎవరినైనా అడిగితే ఒక పూటకు ఇస్తాడు. ఆ క్యూ, ఒక టేపు, ఒక సుద్దముక్క పట్టుకుని మీరు అనుకున్న గదిలోకి వెళ్ళండి. టేబుల్ సంగతి తర్వాత.

నేను గోదావరిఖనిలో బొగ్గుబావుల మీద 31 ఏళ్ళు సర్వేయర్‌గా చేశాను. ఆట అక్కడి క్లబ్‌లోనే అబ్బింది. రిటైరై హనుమకొండలో ఇంటికి వచ్చాక సాయంత్రాలు చేతులు ఊరుకోలేదు. కింది పోర్షన్ అప్పటిదాకా ట్యూషన్ సెంటర్‌కు కిరాయికిచ్చేవాళ్ళం. వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన రోజు నా భార్య, "మళ్ళీ కిరాయికి బోర్డు పెట్టొద్దు, నీకు ఎన్నాళ్ళ నుంచో ఉన్న కోరిక కదా, టేబుల్ పెట్టుకో" అంది. ఆ మాట అన్న తర్వాత గది సిద్ధం కావడానికి నాలుగు నెలలు, టేబుల్ దొరికి నిలబడడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలల్లో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

గది కొలత

ఫుల్ సైజ్ అంటే మనం 12 బై 6 అంటాం గానీ, కుషన్ల (టేబుల్ చుట్టూ ఉండే రబ్బరు అంచుల) మధ్య ఆడే చోటు కచ్చితంగా 11 అడుగుల 8½ అంగుళాల పొడవు, 5 అడుగుల 10 అంగుళాల వెడల్పు. మిల్లీమీటర్లలో 3569, 1778. ఈ కొలతతో నేల మీద సుద్దతో ఒక దీర్ఘచతురస్రం గీయండి. ఇక క్యూ. మామూలుగా 57, 58 అంగుళాలు ఉంటుంది. బాల్ కుషన్‌కు అతుక్కుని ఉన్నప్పుడు క్యూ మొత్తం టేబుల్ బయటే ఉండాలి, పైగా దెబ్బ కొట్టడానికి వెనక్కి లాగే చోటూ కావాలి. కాబట్టి గీసిన గీత నుంచి నాలుగు వైపులా తక్కువలో తక్కువ అయిదడుగులు. కూడితే 22 బై 16 అడుగుల గది వస్తుంది.

ఇది గది లోపలి కొలత. ఇంటి ప్లాన్‌లో ఉన్న అంకెను నమ్మకండి. ప్లాస్టరింగ్ తింటుంది, స్కర్టింగ్ తింటుంది. ఇంకొకటి, నేల దగ్గర టేపు పెట్టి కొలిచి ఊరుకోవద్దు. క్యూ నడిచేది నడుము ఎత్తులో. ఆ ఎత్తులో కిటికీ దిమ్మ ముందుకు వచ్చి ఉంటుంది, స్విచ్ బోర్డు ఉబ్బి ఉంటుంది, గోడలోంచి పిల్లర్ బయటికి పొడుచుకొస్తుంది. మా గది 23 అడుగుల పొడవు, 16 అడుగుల 4 అంగుళాల వెడల్పు. ఒక పక్క గోడ కంటే పిల్లర్ మందం కావడంతో పిల్లర్ నాలుగు అంగుళాలు లోపలికి వచ్చింది. అంటే అక్కడ సరిగ్గా 16 అడుగులే. ఆ నాలుగు అంగుళాల కోసం సుద్ద గీతను మూడుసార్లు చెరిపి గీశాను.

గీత గీశాక ఒక మనిషిని చుట్టూ వంగబెట్టి క్యూ ఆడించమనండి. మా అల్లుడు ఆరడుగులవాడు. వాడు వంగి క్యూ వెనక్కి లాగితే మోచేయి తలుపు గొళ్ళేనికి తగిలింది. ఆ తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాను.

గది 20 బై 14 మాత్రమే ఉంటే 12 అడుగుల టేబుల్ పెట్టకండి. పొట్టి క్యూలతో సర్దుకుందామని చాలామంది అనుకుంటారు. నెల రోజుల్లో విసుగొచ్చి ఆ టేబుల్ మీద ఇస్త్రీ బట్టలు పెడతారు. అలాంటి గదిలో 8 అడుగులది హాయిగా సరిపోతుంది, ఆట కూడా బాగుంటుంది.

నేల

అన్నింటికంటే ఎక్కువ టైమ్ నేను నేల మీద పెట్టాను. దానికి కారణం బరువు. టేబుల్ పైభాగం చెక్క కాదు, రాయి. 45 మిల్లీమీటర్ల మందం ఉన్న అయిదు స్లేట్ పలకలు పక్కపక్కన పరిచి ఉంటాయి. ఒక్కో పలక 165 కిలోల పైమాటే. కింద ఫ్రేమ్, ఎనిమిది కాళ్ళు, కుషన్లు కలిపితే మొత్తం 1,300 నుంచి 1,400 కిలోలు. మన వైపు లెక్కలో చెప్పాలంటే 40 కిలోల వడ్ల బస్తాలు 35. ఈ బరువంతా ఎనిమిది కాళ్ళ మీద పడుతుంది. ఒక్కో కాలు కింద అరచేయంత చోటులో 170 కిలోలు, రాత్రీ పగలూ.

ఇళ్ళ స్లాబులకు మన దేశపు కోడ్ ప్రకారం లెక్కగట్టే బరువు చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు. టేబుల్ బరువును దాని కింద చోటంతా పరిచి లెక్కేసినా ఆ అంచుకే వస్తుంది. అందుకే మేడ మీద పెట్టాలనుకుంటే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిచి బీములు ఎక్కడున్నాయో చూపించి అడగండి. మేస్త్రీ "ఏం కాదు సార్" అన్నాడని పెట్టేయకండి. కింది పోర్షన్ ఉంటే ఇంక ఆలోచనే వద్దు, కిందే పెట్టండి.

కింద పెట్టినా తిప్పలు లేకపోలేదు. మన ఇళ్ళల్లో తాండూరు బండలు గానీ టైల్స్ గానీ మొరం మీద పలుచగా కాంక్రీట్ పోసి పరుస్తారు. రూపాయి బిళ్ళతో ఒక్కో బండ మీద కొట్టి వినండి. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, కింద డొల్ల ఉన్నచోట డబ్‌డబ్‌మంటుంది. మా గదిలో కాళ్ళు వచ్చే ఎనిమిది చోట్లలో మూడు డొల్లే. మా వీధి నల్లరేగడి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నోళ్ళు తెరుస్తుంది. రామప్ప గుడిని ఇసుక పునాది మీద నిలబెట్టిన కాకతీయుల కాలపు మేస్త్రీలకు నేల కదులుతుందని తెలుసు. మన కాలనీల్లో ఇల్లు కట్టేటప్పుడు ఆ మాట ఎవరూ తలచుకోరు.

నేను చేసింది ఇది. ఎనిమిది చోట్లా అడుగున్నర చదరాల్లో బండలు తీయించాను. అడుగు లోతు తవ్వించి, అడుగున మొరం గట్టిగా దిమ్మిస కొట్టించి, పైన ఆరు అంగుళాల కాంక్రీట్ దిమ్మెలు పోయించాను. రెండు వారాలు నీళ్ళు పెట్టి, నెల తిరిగేదాకా వాటి మీద ఏమీ పెట్టనివ్వలేదు. పెద్ద ఖర్చేం కాలేదు. టేబుల్ వచ్చాక ఈ పని చేయాలంటే మాత్రం టేబుల్ మొత్తం విప్పాల్సిందే.

ఇక వాటం. కడగడానికి నీళ్ళు గుమ్మం వైపు పోవాలని మన మేస్త్రీలు ప్రతి గదికీ వాటం ఇస్తారు. కంటికి కనబడదు. నా పాత అలవాటుకొద్దీ ఆటో లెవెల్ (సర్వేలో ఎత్తుల తేడా చూసే పరికరం) అద్దెకు తెచ్చి చూస్తే ఆ చివరికీ ఈ చివరికీ 19 మిల్లీమీటర్లు తేడా ఉంది. ఆటో లెవెల్ లేకపోతే మేస్త్రీల దగ్గరుండే నీళ్ళ ట్యూబ్ లెవెల్ చాలు. ఎనిమిది దిమ్మెల ఎత్తులూ ఒక కాగితం మీద రాసుకోండి. ఏ దిమ్మె ఎంత పల్లంలో ఉందో ముందే తెలిస్తే టేబుల్ బిగించే ఫిట్టర్‌కు ఒక పూట పని తగ్గుతుంది. నేను దిమ్మెలు పోసేటప్పుడే ఆ వాటం సరిచేయించాను కాబట్టి చివరికి 3 మిల్లీమీటర్ల తేడాయే మిగిలింది.

టేబుల్ వెతకడం

ఈ ఆట పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లెయిన్ అనే సైనికాధికారి మొదలుపెట్టాడు, తర్వాత ఊటీ క్లబ్‌లో రూల్స్ రాసి పెట్టారు. అందుకే మన దేశంలో పాత క్లబ్బుల్లో, ఆర్మీ మెస్సుల్లో టేకు టేబుళ్ళు ఇప్పటికీ కనబడతాయి. అలాంటివి మార్చేటప్పుడు వేలానికి వస్తాయి. అయితే ఓపిక కావాలి. మామూలు మనిషికి దొరికే దారి మూతపడుతున్న పార్లర్లు. కరీంనగర్, వరంగల్, మంచిర్యాల లాంటి ఊళ్ళలో పార్లర్ పెట్టి రెండు మూడేళ్ళకు కిరాయి కట్టలేక తీసేసేవాళ్ళు ఉంటారు. క్యూలు అమ్మే షాపులవాళ్ళకు, టేబుల్ ఫిట్టర్లకు ఈ సంగతులు ముందే తెలుస్తాయి. కాబట్టి టేబుల్ కంటే ముందు ఫిట్టర్‌ను పట్టుకోండి. హైదరాబాద్‌లో ఈ పనే చేసే ఫిట్టర్లు ఉన్నారు. మంచి ఫిట్టర్‌కు పాత టేబుల్ అప్పజెప్తే కొత్తదానిలా నిలబెడతాడు. పనిరాని వాడి చేతిలో కొత్త టేబుల్ కూడా పాడవుతుంది.

నాకు కరీంనగర్‌లో ఒక పార్లర్ టేబుల్ దొరికింది. లక్షా డెబ్బై వేలు పెట్టాను. అంతకుముందు నాలుగు చూసి వద్దనుకున్నాను. ఎందుకు వద్దనుకున్నానో చెప్తాను.

ఒకదానికి స్లేటు లేదు. పైన కప్పే క్లాత్ కింద పాలరాయి పరిచారు. రాయి అయినంత మాత్రాన స్లేటు కాదు. స్లేటు పొరలు పొరలుగా ఉండి సమంగా చెక్కడానికి, మేకు బెజ్జం వేయడానికి ఒదుగుతుంది. ఇటలీలోని లిగూరియా స్లేటుకు ఎప్పటి నుంచో పేరుంది. చైనా స్లేట్లు కూడా బాగానే ఉంటాయి. టేబుల్ కిందికి టార్చ్ పట్టుకుని పడుకుని చూడండి, నల్లగా బూడిద రంగులో రాతి అంచు కనబడాలి. పాకెట్ (బాల్ పడే సందు) దగ్గర టేపు పెట్టి మందం కొలవండి. తర్వాత ఒక్కో పలకను కింది నుంచి వేలి కణుపుతో కొట్టండి. చిన్నప్పుడు బడికి తీసుకెళ్ళిన మార్కాపురం పలక గుర్తుందా, బీటలు ఉన్న పలక మోత ఎట్లా మారేదో. ఇదీ అంతే. ఖంగుమనాలి. బొంగురు గొంతు వినబడితే ఆ పలక ఎక్కడో పగిలింది.

రెండోది చెదలు పట్టింది. పైన పాలిష్ మెరుస్తోంది, కాలు అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిండిలా రాలింది. మూడోది కుషన్ రబ్బరు చచ్చిపోయి గట్టిపడింది. దీన్ని తెలుసుకోవాలంటే ఒక బాల్‌ను ఒకే ఊపుతో ఆరు కుషన్లకూ కొట్టి ఎంత వెనక్కి వస్తుందో చూడండి. ఒక చోట చురుగ్గా వచ్చి ఇంకో చోట దబ్‌మని ఆగితే రబ్బరు పోయినట్టే, లేదా కుషన్ బోల్టు వదులై ఉండాలి. రబ్బరు మార్చుకోవచ్చు, కాబట్టి దాని కోసం టేబుల్ వదులుకోనక్కర్లేదు, ధర తగ్గించమనండి. నేను వద్దనుకున్నది వాళ్ళు ధర దించలేదనే.

నాలుగోది బరోస్ అండ్ వాట్స్ అని ఇత్తడి రేకు ఉన్న పాత లండన్ టేబుల్. చూడగానే మనసు లాగింది. కానీ పలకలు దానివి కావు, రెండు రకాల మందాలు. పేరు రేకు కోసం డబ్బు పెట్టకండి, పలకల కోసం పెట్టండి. క్లాత్ చిరిగినా, పాకెట్ వలలు పోయినా పట్టించుకోకండి, అవి ఎట్లాగూ కొత్తవి వేయాల్సిందే.

తెచ్చేటప్పుడు జరిగింది

విప్పేటప్పుడు ఫిట్టర్ దగ్గరే ఉండాలి. ప్రతి పలకకూ, ప్రతి కాలికీ, ప్రతి కుషన్‌కూ పెయింట్‌తో నంబర్ వేయించండి, ఫోటోలు తీసి పెట్టుకోండి. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం రాళ్ళకు నంబర్లు వేసి విప్పి మళ్ళీ నిలబెట్టడం మన ఊళ్ళో అందరం చూసినదే. పద్ధతి అదే. ఒక పలక వరుస మారితే కింద పలకలను కలిపే చీలల బెజ్జాలు కలవవు.

స్లేటును ఎప్పుడూ నిలువుగా, అంచు మీద నిలబెట్టి తీసుకెళ్ళాలి, అద్దం తీసుకెళ్ళినట్టు. మధ్యలో బొంతలు, అడుగున వరిగడ్డి, కదలకుండా తాళ్ళు. ఇది ట్రాన్స్‌పోర్ట్ అతనికి నేను రెండుసార్లు చెప్పాను. లోడింగ్ అయ్యేటప్పుడు ఫిట్టర్ భాయ్, నేను లోపల కాళ్ళు విప్పుతున్నాం. మేం బయటికి వచ్చేసరికి డీసీఎం మీద తాడు కట్టి టార్పాలిన్ కప్పేశారు. విప్పి చూపించమని నేను అడగలేదు. పలకలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టారని హనుమకొండ వచ్చాకే తెలిసింది. ఎల్కతుర్తి దాటాక రోడ్డు పనులు జరుగుతున్న చోట వ్యాన్ ఎగిరిపడడం వెనక కారులోంచి నేను కళ్ళారా చూశాను. ఇంటి ముందు టార్పాలిన్ తీసేసరికి నాలుగో పలక అడ్డంగా రెండు ముక్కలు.

ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. ట్రాన్స్‌పోర్ట్ అతను ఫోన్ ఎత్తడం మానేశాడు. సిమెంట్ పెట్టి అతికిద్దామని మా బావమరిది అన్నాడు. ఫిట్టర్ భాయ్ ఒప్పుకోలేదు. "సార్, గీత ఎక్కడుందో చూడండి, సరిగ్గా ఫ్రేమ్ మీద కాకుండా మధ్యల వచ్చింది. అతికిస్తే ఆర్నెల్లకు మళ్ళ దిగుతది" అన్నాడు. రెండు నెలలు ఆగాం. అతనే హైదరాబాద్‌లో ఒక డీలర్ గోదాంలో జత లేని పలక ఒకటి పట్టాడు. రెండు మిల్లీమీటర్లు మందం ఎక్కువ. దాన్ని అరగదీయించి, చీలల బెజ్జాలు మళ్ళీ వేయించి తెచ్చాడు. పలకల లోడింగ్ జరిగేటప్పుడు పక్కన నిలబడండి. వేరే ఏ పని ఉన్నా పక్కన పెట్టండి. ఈ గైడ్‌లో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

ఇంకో చిన్న సంగతి. ఫ్రేమ్ పొడుగు దూలాలు గుమ్మంలో తిరగవు. మావి కిటికీ గ్రిల్ విప్పి లోపలికి ఇచ్చాం. మీ గదిలోకి దారి ముందే చూసుకోండి.

బిగించడం

బిగించే పని ఫిట్టర్‌దే అయినా, ఏం జరుగుతోందో తెలిసి పక్కనుంటే పని బాగా జరుగుతుంది. కాళ్ళు, ఫ్రేమ్ నిలబెట్టి మొదట ఫ్రేమ్‌ను మట్టం చేస్తారు. ఎత్తు అప్పుడే చూసుకోవాలి. నేల నుంచి కుషన్ పై అంచు దాకా 2 అడుగుల 9½ నుంచి 2 అడుగుల 10½ అంగుళాల మధ్య రావాలి. తర్వాత మధ్య పలక పెట్టి, అటు రెండు ఇటు రెండు పేరుస్తారు. ఒక్కో పలకకు నలుగురు మనుషులు కావాలి, చెప్పులు కాదు, బూట్లు వేసుకుని.

పలకలు పరిచాక అసలు పని. నా ఆటో లెవెల్ నేలకు సరిపోయింది గానీ స్లేటుకు సరిపోదు. అది మిల్లీమీటర్ దాకా చెప్తుంది, ఇక్కడ కావలసింది మిల్లీమీటర్‌లో పదో వంతు. మేస్త్రీ రసమట్టం అసలు పనికిరాదు. ఫిట్టర్ భాయ్ దగ్గర లేత్ మెషీన్లకు వాడే మెషీన్ లెవెల్ ఉంది, అడుగు పొడవు, ఇనుప దిమ్మె. దాన్ని ఒక్కో పలక మీద నిలువుగా, అడ్డంగా, మూలకు పెట్టి చూసి పల్లమున్న చోట పలకకూ ఫ్రేమ్‌కూ మధ్య పాత పేకముక్కలు దూర్చాడు. మూడో పలకకూ కొత్త నాలుగో పలకకూ మధ్య అతుకు దగ్గర చాలాసేపు ఆగాడు. లెవెల్ పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, చూపుడువేలి గోరును అతుకు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు నెమ్మదిగా జరిపాడు. "ఇక్కడ ఆగుతోంది" అన్నాడు. నేను నా గోరు పెట్టి చూశాను. నాకేమీ తెలియలేదు. మూడోసారి జరిపితే చిన్నగా, దారం మీద గోరు పోయినట్టు తగిలింది. ఒక పేకముక్కను రెండు పొరలుగా చీల్చి ఒక పొర దూర్చాడు. ఈసారి గోరు ఎక్కడా ఆగలేదు.

మట్టం కుదిరాక అతుకుల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపి, ఆరాక బ్లేడుతో గీకి నున్నగా చేస్తారు. ఇక్కడ ఒక రాత్రి ఆగండి. బరువు దిగాక తెల్లారి మళ్ళీ లెవెల్ పెడితే ఒకటి రెండు చోట్ల తేడా వస్తుంది. క్లాత్ వేసేశాక ఆ తేడా దొరికితే ఏం చేయలేరు. అదే రోజు క్లాత్ కూడా వేసేస్తానని ఫిట్టర్ తొందరపడితే, ఆ రాత్రికి మీ ఇంట్లోనే భోజనం, పడక ఏర్పాటు చేయండి.

ఉత్త స్లేటు మీదే బాల్ దొర్లించి చూసుకోండి. గాడి ఉన్న చెక్క స్కేలును ఏటవాలుగా పెట్టి పైనుంచి బాల్ వదిలితే ఒకే వేగంతో మెల్లగా వెళ్తుంది. పొడవునా, వెడల్పునా, మూల నుంచి మూలకు. ఆగబోయే చివరి అడుగు చూడండి. వంకర ఉంటే అక్కడే బయటపడుతుంది. క్లాత్ వేశాక ఈ పరీక్ష అంత నిక్కచ్చిగా రాదు, ఎందుకంటే క్లాత్ నూగు కూడా మెల్లగా పోయే బాల్‌ను పక్కకు లాగుతుంది.

ఆ నూగు సంగతి. స్నూకర్ క్లాత్ ఉన్నిది, దాని మీద సన్నటి నూగు ఒకే దిక్కుకు వాలి ఉంటుంది. అది బాక్ వైపు (ఆట మొదలుపెట్టే కొస) నుంచి నల్ల బాల్ వైపుకు వాలేలా వేయాలి. అరచేత్తో నిమిరితే ఒక దిక్కుకు నున్నగా, ఎదురు దిక్కుకు గరుగ్గా తెలుస్తుంది. తిరగేసి వేస్తే మళ్ళీ విప్పి వేయడం తప్ప మార్గం లేదు, కాబట్టి మొదటి మేకు కొట్టకముందే మీ చేత్తో ఒకసారి నిమిరి చూసుకోండి. టోర్నమెంట్లలో వాడే ఇంగ్లండ్ స్ట్రాచన్ 6811 లాంటి పలుచటి క్లాత్ వేగంగా ఉంటుంది. ఇంట్లో పిల్లలు, చుట్టాలు అందరూ ఆడతారు కాబట్టి నేను కాస్త మందంది వేయించాను.

కుషన్లు బిగించి, పాకెట్లు పెట్టాక గుర్తులు గీయాలి. బాక్ లైన్ బాక్ వైపు కుషన్ అంచు నుంచి 29 అంగుళాలు. ఆ గీత మధ్య బిందువు నుంచి 11½ అంగుళాల వ్యాసార్ధంతో డి అనే అర్ధవృత్తం. నల్ల బాల్ పై కుషన్ (ఎదురు కొసన ఉన్న కుషన్) నుంచి 12¾ అంగుళాలు. నీలం సరిగ్గా మధ్యలో, గులాబీ నీలానికీ పై కుషన్‌కూ నడుమ. బాక్ వైపు నిలబడి చూస్తే ఎడమన ఆకుపచ్చ, మధ్యన గోధుమ, కుడిన పసుపు. ఈ కొలతలు నేనే టేపుతో గీశాను, సర్వే పెన్సిల్‌తో. 22 బాల్స్ సెట్ మాత్రం మంచిది కొనండి, బెల్జియం అరామిత్ బాల్స్ ఏళ్ళ తరబడి వస్తాయి. నాసిరకం సెట్‌లో ఒక బాల్ బరువు ఒక రకం.

లైటు, గాలి, తడి

లైటు టేబుల్ అంతటా ఒకేలా పడాలి, ఆడేవాడి కళ్ళల్లో పడకూడదు. టేబుల్ పొడవునా వేలాడే డబ్బా లైటు చేయించాను, స్లేటు నుంచి 34 అంగుళాల ఎత్తులో దాని కింది అంచు ఉంటుంది. బాల్ చుట్టూ నీడ ఒక పక్కకే పడుతోందంటే లైటు జరిగిందని అర్థం. సీలింగ్ ఫ్యాన్ లైటు పైన ఉంటే రెక్కల నీడ టేబుల్ మీద తిరుగుతుంది. నేను మధ్య ఫ్యాన్ తీసేసి రెండు కొసలకూ రెండు పెట్టించాను.

మన వైపు ఎండాకాలం టేబుల్‌కు పెద్ద శత్రువు ఎండ కాదు, కూలర్. ఏప్రిల్, మే వచ్చిందంటే ప్రతి ఇంట్లో కూలర్ తిరుగుతుంది, తడిగాలి నేరుగా క్లాత్ మీదికి కొడుతుంది. ఉన్ని తడి పీల్చుకుంటే బాల్ బరువుగా నడుస్తుంది, కుషన్ నుంచి వచ్చే కోణం మారిపోతుంది. స్నూకర్ గదిలో కూలర్ పెట్టకండి. ఏసీ పెట్టగలిగితే మంచిదే, లేకపోతే ఫ్యానే మేలు. వానాకాలం టేబుల్ మీద ఎప్పుడూ కవర్ కప్పి ఉంచండి, కిటికీలు మూసి వారానికి రెండుసార్లు లైట్లు గంటసేపు వేసి ఉంచండి.

బ్రష్ రోజూ ఆట అయ్యాక కొట్టాలి, బాక్ వైపు నుంచి నల్ల బాల్ వైపుకే, నూగు వాలిన దిక్కుకు. ముందుకూ వెనక్కూ తోమకండి. కుషన్ల కిందికి సుద్దపొడి చేరుతుంది, అక్కడ సన్న బ్రష్‌తో లాగాలి. ఇస్త్రీకి స్నూకర్ టేబుళ్ళకని చేసే బరువైన ఇస్త్రీపెట్టె వేరే ఉంటుంది. ఇంట్లో ఆవిరి ఇస్త్రీపెట్టె ముట్టించకండి. ముందు తెల్ల కాగితం మీద పెట్టి చూడండి, కాగితం కొంచెం రంగు మారినా ఇంకా చల్లారాలి. ఆగకుండా ఒకే దిక్కుకు తోసుకుంటూ పోవాలి, ఎక్కడా నిలపకూడదు. చేతికి పౌడర్ రాసుకునే అలవాటున్న వాళ్ళను గుమ్మం దగ్గరే ఆపండి, అది క్లాత్‌లోకి దిగితే పోదు.

మొదటి వానాకాలం దాటాక టేబుల్ తప్పకుండా మళ్ళీ మట్టం చూపించండి. నేల ఒకసారి తడిసి ఆరాకే ఎంత కదిలేది తెలుస్తుంది. నేను ఎనిమిది కాళ్ళకూ నంబర్లు రాసి, ఒక్కో దిమ్మె ఎత్తును ఒక పాత సర్వే ఫీల్డ్ బుక్‌లో రాసుకుంటున్నాను, ఏటా జూన్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి. మొదటి ఏడు కిటికీ పక్కనున్న ఆరో కాలు మిల్లీమీటరున్నర దిగింది. బయట ఆ గోడ పక్కనే వాన నీళ్ళు నిలుస్తున్నాయని అప్పుడు చూశాను. గోడ వెంట సిమెంట్ ప్లాట్‌ఫాం పోయించి నీళ్ళు రోడ్డు వైపుకు మళ్ళించాను, ఫిట్టర్ భాయ్ వచ్చి ఆరో కాలు స్క్రూ పావు చుట్టు తిప్పి వెళ్ళాడు. మొన్న అక్టోబర్ రీడింగ్‌లో ఆరో కాలు ఉన్నచోటే ఉంది.